విద్యుత్ ప్రాజెక్టులకు భూసేకరణ: కర్నూలు, కడప జిల్లాలు

విద్యుత్ కేంద్రం, సౌర పార్కు, సబ్‌స్టేషన్, హైటెన్షన్ లైన్: వీటిలో ఏది రావాలన్నా ముందు భూమి కావాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఆ భూమి మూడు దారుల్లో చేతులు మారుతుంది. మొదటిది సేకరణ. ప్రభుత్వం చట్ట ప్రకారం భూమిని శాశ్వతంగా తీసుకుని పరిహారం ఇస్తుంది. రెండోది గుత్త. యాజమాన్యం రైతు పేరనే ఉంటుంది, భూమి మాత్రం పాతిక ముప్పై ఏళ్లు కంపెనీ స్వాధీనంలో ఉంటుంది. మూడోది దారి హక్కు. పొలంలో టవరు పాతి, పైన తీగలు లాగుతారు కానీ భూమిని కొనరు. పరిహారం ఎంత, అభ్యంతరం చెప్పే అవకాశం ఎంత అన్నవి రైతు ఈ మూడింటిలో ఏ దారిలో పడ్డాడన్న దాన్ని బట్టి మారిపోతాయి. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న హద్దులను సూచిస్తాయి. ఇక్కడ చెప్పిన ప్రాజెక్టుల్లో కొన్ని ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వస్తాయి.

మెట్ట సీమకే ఎందుకు

ఎండ, గాలి ఈ ప్రాంతానికి సహజంగా ఉన్నాయి. కర్నూలు దగ్గర 765 కె.వి. సబ్‌స్టేషన్ ఉండటంతో ఇక్కడ పుట్టిన కరెంటును తమిళనాడుకు, కర్ణాటకకు, అక్కడి నుంచి ఉత్తరాదికి పంపడం సులువైంది. రాయచూరు–షోలాపూర్ 765 కె.వి. లైనుతో 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. ఆ తర్వాత రాయలసీమలో విద్యుత్ కేంద్రం కట్టి దూర రాష్ట్రాలకు అమ్మడం లాభసాటి వ్యాపారమైంది. చట్టం కూడా మెట్ట వైపే మొగ్గుతుంది. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ ప్రకారం రెండు పంటలు పండే సాగునీటి భూమిని తప్పనిసరి పరిస్థితిలో తప్ప సేకరించకూడదు. దాంతో ప్రాజెక్టుల చూపు మెట్ట మీద పడుతుంది.

ఈ మెట్టను రికార్డులు బంజరు, పోరంబోకు, కొండ బీడు అని రాసుకుంటాయి. ఊరి లెక్క వేరు. జమ్మలమడుగు, కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో వానాకాలం నేల తడిసి నిలిచిన పదునుతోనే శనగ, జొన్న పండుతాయి. ఎర్ర నేలల్లో వేరుశనగ, కంది, ఆముదం వేస్తారు. ఏమీ వేయని గుట్ట పక్క బీడు మీద గొర్రెలు, మేకలు బతుకుతాయి. జీవాలు ఉన్న ఇంటికి కరువు ఏడాదిలో అవే ఆధారం. కాబట్టి వ్యర్థ భూమి అన్న మాట ఇక్కడ రెవెన్యూ రిజిస్టరుకే చెల్లుతుంది, ఊరికి చెల్లదు.

శ్రీశైలం నుంచి పిన్నాపురం దాకా

ఈ ప్రాంతంలో విద్యుత్తు కోసం జరిగిన మొదటి పెద్ద భూసేకరణ శ్రీశైలం. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట మొదట ప్రధానంగా జలవిద్యుత్ ప్రాజెక్టు. ఇప్పుడు కుడి గట్టున 770, ఎడమ గట్టున 900 మెగావాట్ల కేంద్రాలున్నాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు, లక్ష ఎకరాలకు పైగా భూమి నీట మునిగాయి. కృష్ణ, తుంగభద్ర తీరాల్లోని సారవంతమైన పొలాలు అందులో ఉన్నాయి. 1981లో అధికారులు ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అది భూమికి ధర కట్టేది, మనిషికి కొత్త బతుకు చూపే బాధ్యతను ఎవరి మీదా పెట్టలేదు. సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి పోయినందుకు ధర మీద అదనంగా ఇచ్చే సొమ్ము, అప్పటికి 15 శాతమే. 1984 సవరణతో అది 30 శాతం అయింది. ముంపు కుటుంబాలకు ఉద్యోగాల్లో అవకాశం కల్పిస్తూ 1986లో జీవో 98 వచ్చింది. దాని కింద ఉద్యోగం కోసం నిర్వాసితుల పిల్లలు దశాబ్దాల తరబడి ధర్నాలు చేశారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడితో పాటు పాత ఊళ్ల మొండిగోడలూ బయటపడతాయి.

కడప జిల్లాలో ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఇప్పటి సామర్థ్యం 1,650 మెగావాట్లు. థర్మల్ కేంద్రానికి యంత్రాలున్న చోటుతో సరిపోదు. బూడిద చెరువుకు, బొగ్గు రైలు మార్గానికి, సిబ్బంది కాలనీకి, మైలవరం జలాశయం నుంచి వచ్చే నీటి పైపులకు కూడా భూమి కావాలి. బూడిద చెరువు నిండేకొద్దీ మళ్లీ భూమి అవసరం పడుతుంది కనుక ఇలాంటి కేంద్రం చుట్టూ సేకరణ ఒక్కసారితో తీరదు.

సౌర విద్యుత్తుతో భూమి అవసరం ఒక్కసారిగా పెరిగింది. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల పరిసరాల్లో దాదాపు 5,900 ఎకరాల్లో కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు వెలసింది. సామర్థ్యం 1,000 మెగావాట్లు, అంటే మెగావాటుకు ఆరెకరాలు. 2017లో పూర్తయ్యేనాటికి ఒకే చోట ఉన్న సౌర పార్కుల్లో ప్రపంచంలో ఇదే పెద్దదని పేరు పొందింది. భూమిని సమకూర్చి, రోడ్లు, సబ్‌స్టేషన్లు కట్టి కంపెనీలకు అప్పగించింది ఆంధ్రప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్. కేంద్ర సంస్థ సెకి, రాష్ట్ర సంస్థలు జెన్‌కో, నెడ్‌క్యాప్ దీనిలో భాగస్వాములు. కడప జిల్లా మైలవరం మండలంలో మరో 1,000 మెగావాట్ల పార్కు తలపెట్టారు. 2022 దాకా కడప జిల్లాలో ఉన్న గాలివీడు మండలం అనంతపురం జిల్లా నంబులపూలకుంటతో కలిసి ఇంకో పార్కులో భాగమైంది. పాణ్యం మండలం పిన్నాపురంలో సౌర, పవన, పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి నిల్వ చేసి మళ్లీ కరెంటు తీయడం) మూడూ కలిపిన 5,230 మెగావాట్ల ప్రాజెక్టుకు 2022 మే 17న శంకుస్థాపన జరిగింది.

మైలవరం పార్కులో 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో జరిగిన వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. అప్పటికి దేశంలో అదే అత్యల్పం. ప్యానెళ్ల ధర పడిపోవడం, వడ్డీలు తగ్గడం దీనికి కారణాలుగా చెప్పుకొన్నారు. మూడో కారణం అంతగా చర్చకు రాలేదు. పార్కు విధానంలో కంపెనీ రైతు గడప తొక్కనక్కర్లేదు. రైతులతో బేరం, రికార్డుల చిక్కు, కోర్టు కేసులు అన్నీ ప్రభుత్వ సంస్థ నెత్తిన పెట్టుకుంటుంది. చౌక కరెంటు వెనక ఆ భారం ఉంది.

2013 చట్టం

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం పూర్తి పేరు భూసేకరణ, పునరావాసం, పునఃస్థాపనల్లో న్యాయమైన పరిహార, పారదర్శకత హక్కు చట్టం. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే బాధిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. ప్రభుత్వం తన సంస్థ కోసమే తీసుకుంటే ఈ అంగీకారం అక్కర్లేదు. క్రమం ఇది: సామాజిక ప్రభావ అంచనా, గ్రామసభ, ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలకు 60 రోజులు, తుది ప్రకటన, విచారణ, అవార్డు, అంటే పరిహారం తేల్చే కలెక్టరు నిర్ణయం. 2018లో రాష్ట్రపతి ఆమోదంతో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ, విద్యుదీకరణ సహా గ్రామీణ మౌలిక వసతుల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచీ, అంగీకారం నిబంధన నుంచీ మినహాయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

సౌర పార్కుల విషయంలో ఇంకో ఖాళీ ఉంది. థర్మల్ కేంద్రానికి పర్యావరణ అనుమతి కావాలి, దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సౌర ఫలకాల కేంద్రాలు 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పరిధిలో లేవు. భూమి ప్రభుత్వానిదని రికార్డుల్లో ఉంటే సేకరణే జరగదు, బదలాయింపు జరుగుతుంది. అప్పుడు సామాజిక ప్రభావ అంచనా కూడా ఉండదు. వేల ఎకరాలకు కంచె పడుతున్నా ఊరందరినీ కూర్చోబెట్టి అడగాల్సిన చట్టబద్ధ సందర్భం ఒక్కటీ రాకుండా పోయే వీలుంది. పొగ రాని విద్యుత్తు కావాలి, సందేహం లేదు. కానీ పొగ రాదన్న కారణంతో ఊరి మాట వినకుండా ఉండటం న్యాయం కాదు.

పరిహారం లెక్క

భూమి మార్కెట్ విలువ తేల్చడానికి చట్టం రెండు కొలతలు చూపిస్తుంది: రిజిస్ట్రేషన్ శాఖ విలువ, గత మూడేళ్లలో దగ్గర్లో అమ్ముడైన అలాంటి భూముల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం తీసి వాటి సగటు. ప్రైవేటు ప్రాజెక్టుల్లో అంగీకరించిన ధరను కూడా చూస్తారు. వీటిలో ఏది ఎక్కువైతే అది విలువ. గ్రామీణ ప్రాంతంలో దాన్ని ఒకటి నుంచి రెండు మధ్య ఉండే గుణకంతో హెచ్చిస్తారు. ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్నది 1.25. చెట్లు, బోరు, పైపులైను, షెడ్డు విలువ కలిపి, మొత్తం మీద నూరు శాతం సొలేషియం చేరుస్తారు. అంటే రిజిస్ట్రేషన్ విలువ ఎకరా నాలుగు లక్షలున్న చేనుకు గుణకంతో ఐదు లక్షలు, సొలేషియంతో పది లక్షలు. దీనికి తోడు మార్కెట్ విలువ మీద ఏటా 12 శాతం చొప్పున, సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ నాటి నుంచి అవార్డు లేదా స్వాధీనం, ఏది ముందైతే అప్పటిదాకా లెక్కగట్టి చెల్లిస్తారు.

ఈ సూత్రం చూడ్డానికి ఉదారంగానే ఉంది. మెట్ట ఊళ్లలో అది తడబడేది మొదటి అడుగులోనే. ఇక్కడ భూములు అరుదుగా అమ్ముడవుతాయి. అమ్ముడైనా స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి దస్తావేజులో తక్కువ రాయించడం అలవాటు. పూర్వం ఎవరో తక్కువ రాయించిన ధరే ఇప్పుడు పక్క రైతు పరిహారానికి కొలత అవుతుంది. ఇక అమ్మడమే నిషిద్ధమైన భూములు ఎక్కువున్న ఊళ్లో పోల్చడానికి దస్తావేజే దొరకదు.

దున్నేవాడూ, కాగితమూ

కర్నూలు, కడపల్లో విద్యుత్ ప్రాజెక్టుల వివాదాలు తరచుగా ధర దగ్గర కాదు, ఎవరి పేరు మీద చెక్కు రాయాలన్న దగ్గర మొదలవుతాయి.

భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు అసైన్డ్ భూములు. ఊళ్లలో వీటిని డీకేటీ పట్టా లేదా డి పట్టా భూములంటారు. 1977 చట్టం వీటి అమ్మకాన్ని నిషేధించింది. ప్రజావసరానికి ప్రభుత్వం పరిహారం లేకుండానే వెనక్కి తీసుకోవచ్చన్న షరతు కూడా పట్టాల్లో ఉండేది. మేకల పాండు కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని తోసిపుచ్చి, అసైన్డ్ రైతుకు కూడా పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ, సొలేషియం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2013 చట్టం కూడా భూయజమాని అన్న నిర్వచనంలోకి అసైన్డ్ భూమి హక్కుదారులను చేర్చింది. ఈ తీర్పు రాయలసీమ మెట్ట రైతుకు దొరికిన గొప్ప రక్షణ. అయినా అది పట్టా చేతిలో ఉన్నవాడికే రక్షణ. తాత నాటి నుంచి బీడు పగలగొట్టి, రాళ్లు ఏరి, గట్లు వేసి దున్నుతున్నా పట్టా రానివాళ్లున్నారు. పట్టా వచ్చాక అవసరానికి నోటు మీద రాసి అమ్ముకున్నవాళ్లున్నారు. చట్టం ముందు ఆ కొన్నవాడికి హక్కు లేదు, అమ్మినవాడికి స్వాధీనం లేదు. గని ప్రాంతంలోనూ, నంబులపూలకుంటలోనూ పరిహారం కోసం రైతులు ఆందోళనకు దిగినప్పుడు ముందుకొచ్చిన ప్రశ్నలు ఇవే.

రెండో చిక్కు చుక్కల భూములు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో పేరు లేక చుక్కలు పెట్టి వదిలేశారు. తర్వాతి తరాల వాళ్లు వాటిని కొన్నారు, అమ్మారు, బ్యాంకులో తాకట్టు పెట్టారు. ఆనక రిజిస్ట్రేషన్ నిషేధ జాబితా, అంటే 22-ఎ కింద ఆ నంబర్లు చేరాక ఒక్కసారిగా అవి ప్రభుత్వ భూములన్న అనుమానంలో పడ్డాయి. వీటిని సరిదిద్దడానికి 2017లో ప్రత్యేక చట్టం చేశారు. ఇలాంటి సర్వే నంబరు మీద ప్రాజెక్టు పడితే పరిహారం డిపాజిట్‌లో ఉండిపోతుంది, రైతు తహసీల్దారు కార్యాలయం చుట్టూ, ఆర్డీవో కార్యాలయం చుట్టూ తిరగాలి.

కౌలుకు, కోరుకు (పంటలో వాటాకు) చేసేవాళ్లది ఇంకా బలహీనమైన స్థితి. 2013 చట్టం బాధిత కుటుంబం అన్న మాటను విశాలంగా నిర్వచించింది. మూడేళ్లుగా అక్కడే ఉంటూ ఆ భూమి మీద బతికే కౌలుదారులు, కూలీలు కూడా అందులోకి వస్తారు. వాళ్లకు పునరావాస భత్యాలు రావాలి. జీవనోపాధికి ఉద్యోగం, లేదా ఒకేసారి ఐదు లక్షలు, లేదా ఇరవై ఏళ్లు నెలనెలా పింఛను లాంటి సొమ్ము ఇవ్వాలి. ఆచరణలో కౌలు నోటి మాట మీద సాగుతుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి, చాలామంది పెట్టరు. కాగితం లేని కౌలుదారు సర్వే బృందానికి కనబడడు. గొర్రెల కాపరి సంగతి చెప్పనక్కర్లేదు. అతడు నష్టపోయేది మేపు, దానికి సర్వే నంబరు లేదు.

తీగ కింద భూమి

లైన్ల విషయంలో చట్టం పూర్తిగా వేరు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ ప్రసార సంస్థలకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు అప్పగించే వీలు కల్పించింది. టెలిగ్రాఫ్ స్తంభాల కోసం రాసిన ఆ చట్టం ప్రకారం భూమి యజమానిదే, స్తంభం సంస్థది, నష్టం జరిగితే పరిహారం. 2023 టెలికం చట్టం పాత చట్టాన్ని రద్దు చేసినా విద్యుత్ లైన్ల వరకు ఆ భాగాన్ని నిలిపి ఉంచింది. ఈ అధికారం ఉన్న సంస్థకు రైతు ముందస్తు అంగీకారం అవసరం లేదని పవర్‌గ్రిడ్ వర్సెస్ సెంచరీ టెక్స్‌టైల్స్ కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. రైతు అడ్డుకుంటే సంస్థ జిల్లా కలెక్టరు దగ్గరకు వెళ్లి అనుమతి తెచ్చుకుంటుంది. పరిహారం చాలదనుకుంటే రైతు జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లాలి. భూమి ఎక్కడుంది, తీగ ఎటు పోతోంది, విలువ ఎంత పడిపోయింది అన్నవి చూసి పరిహారం కట్టాలని 2007లో లివిషా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

తీగ కిందకు వచ్చే భూమి చిన్నది కాదు. 220 కె.వి. లైనుకు 35 మీటర్లు, 400 కె.వి.కి 46 మీటర్లు, 765 కె.వి.కి 67 మీటర్ల వెడల్పు పట్టీ ప్రమాణం. అంటే 400 కె.వి. లైను కిలోమీటరు సాగితే పదకొండు ఎకరాలకు పైగా దాని కిందకు వస్తుంది. అక్కడ శనగ, జొన్న వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, ఎత్తు పెరిగే చెట్టు ఉండకూడదు. వర్షాధార చేనుకు ఇది ఓర్చుకోదగ్గ నష్టమే కావచ్చు. బోర్లు వేసి మామిడి పెంచిన రైతుకు మాత్రం పది పన్నెండేళ్ల కష్టం ఒక్క రోజులో నరికి పోతుంది.

చాలాకాలం పరిహారమంటే పంట నష్టం, చెట్ల ధర మాత్రమే. 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు మొదటిసారి భూమి విలువనూ లెక్కలోకి తెచ్చాయి: టవరు అడుగు భూమికి విలువలో 85 శాతం, తీగ పట్టీకి 15 శాతం మించకుండా. 2024 జూన్‌లో వాటిని పెంచి టవరు అడుగుకు 200 శాతం, పట్టీకి 30 శాతం చేశారు. ఇవి 66 కె.వి., ఆపై లైన్లకు వర్తిస్తాయి, రాష్ట్రం తన లైన్లకు స్వీకరిస్తేనే అమలవుతాయి. ఎకరా నాలుగు లక్షల చేనులో టవరు కాళ్ల చుట్టూ నేల కలిపి ఐదు సెంట్లు పోతే, 200 శాతం చొప్పున వచ్చేది నలభై వేలు. ఎకరం తీగ కిందకు వస్తే లక్షా ఇరవై వేలు. పాత లెక్కతో పోలిస్తే ఎంతో మెరుగు. కానీ టవరు చేను నడుమ పడితే ట్రాక్టరు మళ్లే చోటు, డ్రిప్పు గొట్టాల వరస, అమ్మబోతే పడిపోయే ధర ఈ లెక్కలో సరిగా ఇమడవు. టవరును గట్టు వైపు నాలుగు గజాలు జరిపితే తీరే గొడవలు చాలా ఉన్నాయి. సర్వే దశలోనే రైతును పిలిచి అడిగితే సరిపోతుంది.

గుత్త ఒప్పందాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి పునరుత్పాదక ప్రాజెక్టులు సేకరణ వదిలి గుత్త వైపు మళ్లుతున్నాయి. ఎకరాకు ఏడాదికి 30 వేల రూపాయల స్థాయిలో, రెండేళ్లకోసారి 5 శాతం పెంపుతో కౌలు ఇస్తామన్నది ప్రభుత్వం ప్రకటించిన నమూనా. పొరుగున కర్ణాటకలో, తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకాలో, 13 వేల ఎకరాల సౌర పార్కును ఈ పద్ధతిలోనే కట్టారు. అక్కడ మొదటి కౌలు ఎకరాకు 21 వేలు. వాన మీద ఆధారపడిన రైతుకు ఏటా ఖాయంగా వచ్చే ఈ సొమ్ము మంచి ఆదాయమే. కంపెనీ మీద పడే భారం చూస్తే అది ఎంత స్వల్పమో తెలుస్తుంది. మెగావాటుకు ఆరెకరాలు, ఏడాదికి ఇరవై లక్షల యూనిట్లు అనుకుంటే, 30 వేల కౌలు యూనిట్‌కు దాదాపు 9 పైసలు. మూడు రూపాయల కరెంటులో భూమి వాటా అంతే. కౌలు పెంచితే ప్రాజెక్టులు ఆగిపోతాయన్న వాదన ఈ లెక్క ముందు నిలబడదు.

గుత్తలో లోపాలు లేకపోలేదు. డబ్బు భూయజమానికే వస్తుంది, దున్నే కౌలుదారుకూ, కలుపు తీసే ఆడకూలీకీ రాదు. ఐదు శాతం పెంపు రెండేళ్లకోసారి కాబట్టి ధరలు అంతకంటే వేగంగా పెరిగితే అసలు విలువ ఏటేటా తరుగుతుంది. ప్రాజెక్టు చేతులు మారితే కౌలు బాధ్యత ఎవరిది, గడువు తీరాక కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీయాలి, ఈలోగా యజమాని చనిపోతే వారసులకు చెల్లింపు ఎలా అన్నవి ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాల్సినవి. ఈ ఒప్పందాల్లో ఎక్కువ భాగం గత పదేళ్లలో రాసినవే. గడువు తీరి భూమి రైతు చేతికి తిరిగి వచ్చిన పెద్ద ఉదాహరణ ఈ ప్రాంతంలో ఇంకా లేదు.

గుత్తలో కాక సేకరణలో భూమి పోతున్న రైతుకు తన హక్కును నిలబెట్టుకునే గడువులు చిన్నవి. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా కలెక్టరుకు అందాలి. అవార్డు వెలువడినప్పుడు అక్కడే ఉన్న రైతు దాన్ని ప్రశ్నించాలంటే 64వ సెక్షన్ కింద ఆరు వారాల్లో దరఖాస్తు చేయాలి. పరిహారం తీసుకునేటప్పుడు అది చాలదన్న అభ్యంతరంతోనే తీసుకుంటున్నట్టు రసీదు మీద రాయాలి. ఆ మాట రాయకుండా సొమ్ము తీసుకున్నవారికి 77వ సెక్షన్ ప్రకారం పెంపు కోరే హక్కు ఉండదు.